నర్సరీ తీగ ఫెర్న్: మొక్కకు నాలుగు స్టార్లు, కర్రకు ఒక్కటే

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నర్సరీల్లో ‘క్లైంబింగ్ ఫెర్న్’ అని చీటీ కట్టి అమ్మే సెట్టు గురించి ఈ సమీక్ష. సెట్టు అంటే ఎనిమిది అంగుళాల ప్లాస్టిక్ కుండీ, అందులో మూడు నాలుగు తీగలున్న మొక్క, నడిమధ్య రెండడుగుల కొబ్బరి పీచు కర్ర, ఆ కర్రకు ప్లాస్టిక్ దారంతో బిగించిన తీగలు, పైన ‘ఇండోర్, రోజూ నీళ్లు’ అని రాసిన చీటీ. ధర మూడు వందలకు అటూ ఇటూ. అదే మొక్క నల్ల కవర్లో, కర్ర లేకుండా అడిగితే సగానికి సగం తగ్గుతుంది. ఆత్రంలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తే పోతుంది: కవర్ మొక్క తెచ్చుకోండి, కర్రా చీటీ అక్కడే వదిలేయండి.

ఎందుకంటే, ఈ మొక్కలో మనం తీగ అనుకునేది తీగే కాదు. అది ఆకు.

అసలు కాండం మట్టిలో ఉంటుంది. పెన్సిల్ కన్నా సన్నగా, ముదురు వెంట్రుకలు కప్పుకుని, పైపైనే అడ్డంగా పాకుతుంది. పసుపు కొమ్ములా దుంప కట్టదు గానీ, తోట పని చేసేవాళ్లు దుంపనే పిలుస్తారు, ఇక్కడా అలాగే అందాం. దాని మీద నుంచి లేచే ఒక్కో ‘తీగ’ ఒక్కో ఆకు. చేతికి తగిలే ఆ వైరు లాంటి కాడ ఆకు నడిమి ఈనె. మామూలు ఫెర్న్ ఆకు చుట్ట విప్పుకుని, ఓ జానో మూరో పెరిగి ఆగిపోతుంది. దీని ఆకు కొన ఆగదు. ఆసరా దొరికినంత మేరా నెలల తరబడి సాగుతూనే ఉంటుంది. మన దగ్గరి రకం ఐదారు మీటర్లు సునాయాసంగా ఎక్కేస్తుంది. ఆ ఈనెకు అక్కడక్కడా మిల్లీమీటర్లలో కొలిచేంత పొట్టి కొమ్మలుంటాయి. ప్రతి పొట్టి కొమ్మ చివరా వెంట్రుకల కింద నిద్రపోతున్న ఒక మొగ్గ, దానికి అటొకటి ఇటొకటి జంట రెక్కలు. మనకు ఆకుల్లా కనిపించేవి ఆ రెక్కల మీది చిట్టాకులు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే సెట్టులో ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో ఇట్టే తేలిపోతుంది. పీచు కర్ర మనీప్లాంటు కోసం పుట్టింది. మనీప్లాంటుకు కణుపు కణుపునా వేళ్లు వచ్చి తడి పీచులోకి దిగుతాయి. ఫెర్న్ ఈనెకు వేళ్లు లేవు, కాకర తీగకున్నట్టు నులితీగలూ లేవు. కొన గాలిలో మెల్లగా తిరుగుతూ సన్నటిది ఏదైనా తగిలితే దానికి తానే మెలి చుట్టుకుంటుంది. చిటికెన వేలి లావు దాకా బాగా చుడుతుంది. రెండంగుళాల లావున్న పీచు కర్ర దానికి గోడతో సమానం. చుట్టుకోలేదు కాబట్టే నర్సరీలో దారంతో కడతారు. కట్టు బిగిసిన చోట ఈనె నలుగుతుంది. నలిగిన పై భాగమంతా అదే ఆకు కాబట్టి నాలుగడుగుల తీగైనా వారం తిరక్కుండా మొత్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. ‘నీళ్లు చాలలేదేమో’ అని ఇంకా పోస్తారు, అప్పుడు దుంప కూడా కుళ్లుతుంది. వాపసు వచ్చే మొక్కల్లో ఎక్కువ భాగం కథ ఇదే.

సెట్టు ఇప్పటికే కొనేసి ఉంటే కంగారేం లేదు. చిన్న కత్తెరతో కట్లు ఒక్కొక్కటీ కత్తిరించండి. చేత్తో లాగితే ఈనె తెగుతుంది. కర్రను పీకకండి, దుంప దాని మొదలు చుట్టూ అల్లుకుని ఉంటే సగం వేళ్లు ఊడొస్తాయి. మట్టి మట్టానికి రంపంతో కోసేస్తే చాలు. తర్వాత కుండీ అంచు నుంచి పై గ్రిల్లుకు మూడు నాలుగు దారాలు నిలువుగా కట్టండి. పురికొస అందంగా ఉంటుంది గానీ ఒక వానాకాలం దాటదు, బరువుతో తెగితే తీగలన్నీ కుప్పగా పడతాయి. నైలాన్ దారం గానీ, రెండు మిల్లీమీటర్ల జీఐ వైరు (జింకు పూత ఉన్న ఇనుప తీగ) గానీ మేలు. నైలాన్ నునుపుగా ఉంటుంది, అడుగుకొక ముడి వేస్తే తీగ జారదు. దారానికీ దారానికీ నాలుగంగుళాల ఎడం ఉండాలి. ఆ ఎడం లేకపోతే తీగలు ఒకదాన్నొకటి చుట్టుకుని జడ అల్లినట్టవుతాయి, లోపలి రెక్కలకు వెలుతురు అందక పసుపు పడతాయి. కొత్త కొనను దారానికి ఒకసారి ఆనించి వదిలేయండి, మిగతాది అది చూసుకుంటుంది.

కొన పొరపాటున విరిగినా ఏడవక్కర్లేదు. కిందున్న నిద్ర మొగ్గల్లో ఒకటో రెండో లేచి కొత్త కొనలవుతాయి. తీగ గుబురు కావాలంటే కావాలనే కొన గిల్లేవాళ్లూ ఉన్నారు, అది పనిచేస్తుంది. మట్టి దగ్గరికంటా కోస్తే మాత్రం ఆ ఆకు పోయినట్టే, దుంప మీద కొత్తది లేవాల్సిందే. ఇక కోసిన ముక్కను మట్టిలో గుచ్చి వేరు కోసం ఎదురుచూడటం అరటాకు ముక్క నాటి గెల కోసం చూడటం లాంటిది. ‘ముక్క పెట్టినా వస్తుందండీ’ అని అమ్మే చోట చెప్పే మాట నమ్మకండి.

చీటీ మీద రకం పేరు ఉండదు. కర్ర తర్వాత ఈ సెట్టుకు ఇది రెండో లోపం, చిన్నదేం కాదు. ముందు అసలు ఫెర్నేనా చూసుకోవాలి. పూలబొకేల్లో వాడే ప్లుమోసస్‌ను కూడా ‘తీగ ఫెర్న్’ పేరుతో అంటగడతారు. అది శతావరి జాతి, ఫెర్న్ కానే కాదు. కాడ మీద చిన్న ముళ్లు తగిలితే, ఆకులు సూదుల్లా ఉంటే అదే. పెంచడానికి సులువే గానీ మీరు డబ్బిచ్చింది దానికి కాదు.

మన దగ్గర ఇలా ఆకే తీగై ఎక్కే ఫెర్న్‌లన్నీ లైగోడియం అనే ఒకే జాతికి చెందుతాయి. ప్రపంచం మొత్తమ్మీద నలభై దాకా రకాలున్నాయి, మన నర్సరీలకు వచ్చేవి మూడు. లైగోడియం ఫ్లెక్సుయోసమ్ మన తూర్పు కనుమల సొంత మొక్క. చిట్టాకులు వేలంత పొడవుగా, కోసుగా, అంచున సన్నటి రంపపు పళ్లతో ఉంటాయి. కింది భాగంలో వచ్చేవి చెయ్యి చాచినట్టు చీలి ఉంటాయి, ఒకే మొక్క మీద ఈ రెండు ఆకారాలూ చూసి రెండు మొక్కలు కలిశాయేమో అనుకుంటారు. లైగోడియం జపానికమ్ చిట్టాకులు మళ్లీ మళ్లీ చీలి లేసు అల్లినట్టుంటాయి. ఫొటోల్లో అందంగా కనిపించేది ఇదే. మూడోది మైక్రోఫిల్లమ్: బొటనవేలి గోరుకు కాస్త పెద్దవైన చీలని చిట్టాకులు. వాటి కాడ దగ్గర కీలు ఉంటుంది, ఎండిన చిట్టాకును తడితే ఆ కీలు దగ్గర ఊడిపోయి కాడ మొండిగా మిగులుతుంది. ఇది బురద నేల మొక్క, తామర తొట్టి పక్కన పెట్టుకునేవాళ్లకు సరిపోతుంది, మిద్దె మీద కుండీకి కాదు. మన ఎండలకు ఫ్లెక్సుయోసమ్‌దే మొదటి స్థానం. జపానికమ్ కూడా బతుకుతుంది గానీ వడగాలికి ఆ లేసు అంచులే ముందు మాడతాయి.

జపానికమ్, మైక్రోఫిల్లమ్ రెండూ అమెరికాలోని ఫ్లోరిడాలో పెద్ద తలనొప్పి. అక్కడివి కాని మొక్కలు తోటల నుంచి అడవిలోకి పాకి చెట్లను దుప్పట్లా కప్పేశాయి, నేల మీది మంట ఆ ఎండు తీగలు పట్టుకుని చెట్ల తలల దాకా ఎక్కుతోంది. అదే దేశంలో సొంత తీగ ఫెర్న్ పాల్మేటమ్ పరిస్థితి తలకిందులు. ఇళ్ల అలంకారానికి జనం అడవి నుంచి పీక్కుపోతుంటే కనెక్టికట్ రాష్ట్రం 1869లో దాన్ని కాపాడటానికి చట్టమే చేసింది. ఆ పాల్మేటమ్ మొక్కలు ఆన్‌లైన్‌లో కనిపిస్తే ఆశపడకండి. ఆమ్ల నేల, చలి కావాల్సిన మొక్క అది, దాని సొంత ఊళ్లోనే కుండీలో నిలవదని పేరు. తిరుపతి మే నెలలో ఎంతసేపు ఉంటుందో వేరే చెప్పాలా?

ఫ్లెక్సుయోసమ్ అడవిలో ఎక్కడ ఉంటుందో గమనిస్తే దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. వాగుల ఒడ్లు, వెదురు పొదల అంచులు, బాటల పక్కన చెట్ల మధ్య కాస్త సందు ఉన్న చోట్లు. మొదలు రాలిన ఆకుల కింద నీడలో, చల్లగా ఉంటుంది. పై భాగం పొదలెక్కి, ఆకుల సందుల్లోంచి దిగే వెలుతురులో ఉంటుంది. కాళ్లు నీడలో, తల వెలుగులో. చిమ్మచీకటి అడవి మొక్క కాదిది, బండ మీద ఎండకు కాగే మొక్కా కాదు. కాబట్టి చీటీ మీది ‘ఇండోర్’ అన్న మాట కొట్టేయండి. హాల్లో టీవీ పక్కన పెడితే ఈనె బారుగా సాగుతుంది, రెక్కల మధ్య ఎడం పెరుగుతుంది, చిట్టాకులు పలచబడతాయి. తూర్పు బాల్కనీలో ఎనిమిది, తొమ్మిదింటి దాకా వచ్చే ఎండ దీనికి బాగా కలిసొస్తుంది. మిద్దె మీదైతే మామూలు రోజుల్లో 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్, మార్చి నుంచి జూన్ దాకా 75 శాతం. పడమటి గోడ వద్దే వద్దు. సాయంత్రం ఆరింటికి కూడా ఆ గోడ వేడి కక్కుతూ ఉంటుంది.

మట్టి విషయంలో నర్సరీల మీద ఫిర్యాదు ఉంది, కానీ తప్పంతా వాళ్లదే అనలేం. ఇక్కడికి వచ్చే లోడ్లలో చాలా భాగం కడియం వైపు నుంచి వస్తుంది. అక్కడి జిగురు మట్టి ముద్దలో కట్టి పంపుతారు, ప్రయాణంలో తేమ పోకుండా అదే కాపాడుతుంది. గోదావరి గాలికి ఆ ముద్ద మెత్తగానే ఉంటుంది. రాయలసీమ గాలికి ఇటుకై కూర్చుంటుంది. పోసిన నీళ్లు ముద్ద పక్క నుంచి జారి అడుగు రంధ్రంలోంచి పోతాయి, పైన తడిగా కనిపిస్తుంది, లోపల వేళ్లు దాహంతో చస్తుంటాయి. తెచ్చిన రోజే ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టండి. నానాక బయటి పొరను, ముద్దలో మూడో వంతును మాత్రం, వేళ్లు తెగకుండా నీళ్లలోనే రాల్చండి. మొత్తం కడిగేస్తే సన్నటి వేళ్లన్నీ పోయి మొక్క నెల రోజులు కోలుకోదు.

కొత్త మిశ్రమం: బాగా మాగిన ఆకు ఎరువు రెండు పాళ్లు, ఎర్రమన్ను ఒకటి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒకటి, చిన్న బొగ్గు ముక్కలూ ముతక ఇసుకా కలిపి ఒకటి. కోకోపీట్ ఇటుకను నేరుగా కలపకండి. అందులో ఉప్పు ఉంటుంది, నానబెట్టి మూడు సార్లు నీళ్లు మార్చి పిండాక వాడండి. పచ్చి పేడ వేస్తే దుంప మాడుతుంది. కుండీ లోతు కన్నా వెడల్పు ముఖ్యం, దుంప పాకేది అడ్డంగా కదా. పన్నెండు అంగుళాల వెడల్పు, ఎనిమిది లోతు ఉన్న తొట్టి రెండు మూడేళ్లు చాలుతుంది. దుంప మీద అంగుళం మట్టి, ఆపైన రెండంగుళాల ఎండుటాకులు. ఈ ఎండుటాకుల పొర చాలామంది ‘చెత్త’ అని ఊడ్చేస్తారు. నిజానికి ఎరువు మానేసినా నడుస్తుంది గానీ అది మానేస్తే వేసవిలో దుంప నిలవదు.

‘రోజూ నీళ్లు’ అన్నది చీటీ మీది మూడో తప్పు. మట్టిలోకి వేలు మొదటి కణుపు దాకా దించి, అక్కడ తేమ తగ్గితేనే పోయాలి. ఎండాకాలం అది రోజూ కావచ్చు, నవంబరు వానల్లో వారానికి ఒక్కసారి కూడా అక్కర్లేకపోవచ్చు. ఎన్ని నీళ్లన్న దానికన్నా ఏ నీళ్లన్నది పెద్ద ప్రశ్న. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం జాస్తి. కుండీ అంచున తెల్లటి పొర, చిట్టాకుల కొసలు గోధుమ రంగు, కొత్త ఆకులు పాలిపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే నీళ్లే కారణం. ఆర్‌వో మిషన్ వదిలే వృథా నీళ్లు మొక్కలకు పోయడం పొదుపు అనుకుంటారు. బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి చేరేది అందులోనే, ఫెర్న్‌కు అది విషంతో సమానం. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయండి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. వాన నీళ్లకు సాటి లేదు. వేరే దారి లేక బోరు నీళ్లే పోస్తుంటే, నెలకోసారి కుండీ నుంచి ధారగా కారేలా వాన నీళ్లతోనో ఏసీ నీళ్లతోనో కడగండి.

ఎరువు తక్కువే చాలు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 లీటరు నీళ్లకు ఒక గ్రాము, నెలకోసారి, అదీ జూలై నుంచి డిసెంబరు దాకా. ఏప్రిల్‌లో వేయకండి.

ఏప్రిల్ అనగానే గుర్తొచ్చే గొడవ ఒకటుంది. వేసవి ముదిరేసరికి పాత తీగలు ఒక్కొక్కటే ఎండిపోతాయి. చాలామంది ఇక్కడే కుండీ ఖాళీ చేసేస్తారు. ఆకురాల్చే అడవుల్లో ఇది చేసేదే అది: పైదంతా వదిలేసి దుంపలో దాక్కుంటుంది, తొలకరికి మళ్లీ లేస్తుంది. నీడలో, తేమ తగ్గకుండా చూసుకుంటే కొన్ని తీగలు పచ్చగానే దాటతాయి, అన్నీ దాటాలని పట్టుబట్టక్కర్లేదు. ఎండిన వాటిని కోసేసి, వారానికి రెండు సార్లు మట్టి తడుపుతూ ఉండండి. దుంపను గోటితో గీకి చూడండి. లోపల లేత రంగులో, గట్టిగా ఉంటే బతికున్నట్టు. మెత్తగా, నల్లగా, వాసనతో ఉంటే పోయినట్టు. జూన్, జూలైలో మెలి తిరిగిన సన్నటి కొనలు కనిపిస్తాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనపు వానలే పెద్దవి కాబట్టి, దీని అసలు వైభవం కూడా అప్పుడే. ఆ రోజుల్లో కుండీ కింది పళ్లెం మాత్రం తీసేయండి.

వానలు పడి తీగ ముదిరాక పై భాగపు చిట్టాకుల అంచుల వెంట చిన్న చిన్న కుచ్చులు వస్తాయి. కొన్ని మిల్లీమీటర్ల పొడవు, మొదట పచ్చగా, తర్వాత గోధుమ రంగులో, దువ్వెన పళ్లలా. దీన్ని తెగులనో పురుగు గుడ్లనో అనుకుని మందు కొట్టడం మామూలు, కొన్ని నర్సరీల్లో కూడా ఇదే చేస్తారు. అవి బీజరేణువుల సంచులు, ఫెర్న్‌కు గింజల బదులు ఉండేవి ఆ రేణువులే. ఒక్కో కుచ్చులో రెండు వరుసలుగా ఉంటాయి. మొక్క ఆరోగ్యంగా ఉందనడానికి అంతకు మించిన గుర్తు లేదు. పురుగంటే తెల్లటి దూదిలా అంటుకునే పిండినల్లి, ఈనె మీద గోధుమ రంగు చుక్కల్లా కదలకుండా ఉండే పొలుసు పురుగు. తడి దూదితో తుడిస్తే సగం పోతాయి. వేప నూనె కొట్టాలంటే లీటరుకు రెండు మిల్లీలీటర్లు మించకుండా, సాయంత్రం పూట, ముందు ఒక్క రెక్క మీద కొట్టి రెండు రోజులు చూసి. నూనె, సబ్బు పడ్డ ఫెర్న్ ఆకు ఎండకు మాడటం కొత్తేం కాదు.

ఒకటి నుంచి రెండు చేసుకోవాలంటే దుంప విడదీయడమే తిన్నని దారి. తొలకరి తర్వాత, మూడంగుళాల దుంప, దానికి వేళ్లు, కనీసం రెండు తీగలు ఉండేలా కోసి, తీగలను రెండడుగులకు తగ్గించి, దుంపను పడుకోబెట్టి నాటండి. నిలువుగా గుచ్చితే కుళ్లుతుంది. ఓపికున్నవాళ్లు బీజరేణువులతోనూ పెంచొచ్చు. గోధుమ రంగుకు తిరిగిన రెక్కను కాగితం కవర్లో పెట్టి మూడు రోజులుంచితే అడుగున సన్నటి పొడి రాలుతుంది. మరిగించిన నీళ్లు పోసి చల్లార్చిన కోకోపీట్ మీద ఆ పొడిని పలుచగా చల్లి, పైన గాజు పలక మూసి, వెలుతురున్న నీడలో పెట్టండి. ముందు పచ్చటి పొర, తర్వాత హృదయాకారపు చిన్న బిళ్లలు వస్తాయి. ఈ దశలో పైపైన నీళ్ల తుంపర తప్పనిసరి, ఆ బిళ్లల మీది మగకణం ఆడకణం దాకా ఈదుకుంటూ వెళ్లాలి, తడి లేకపోతే అక్కడే ఆగిపోతుంది. మొక్కలా కనిపించడానికి ఆరేడు నెలలు.

కొనే వేళ జూలై, సెప్టెంబరు మధ్య. కవర్ పైకెత్తి అడుగు చూడండి, వేళ్ల కొసలు లేత రంగులో కనిపించాలి. మట్టి పక్క నుంచి కనీసం ఒక కొత్త కొన లేస్తూ ఉండాలి. పది తీగలున్నా కొత్త కొన లేని మొక్క కన్నా రెండు తీగలూ ఒక కొత్త కొనా ఉన్నదే నయం. మట్టి ముద్ద లేకుండా, మొదలు చుట్టూ అడవి ఆకుల చెత్తతో, మొరటుగా తెగిన దుంపతో ఎవరైనా ‘కొండ నుంచి తెచ్చాం’ అని అమ్మితే తీసుకోవద్దు. శేషాచలంలో చాలా భాగం జాతీయ ఉద్యానం, రిజర్వు అడవి, అక్కడి నుంచి మొక్క పీకి తేవడం నేరం. పైగా అలా తెగిన దుంప కుండీలో నిలిచేది తక్కువ.

రేటింగ్ అడిగితే మొక్కకు నాలుగు. ఒకటి తగ్గించింది వేసవిలో ఎండిపోతుందని కాదు, రకం పేరు లేకుండా అమ్ముతున్నారని. పీచు కర్రకు ఒకటి, అదీ మనీప్లాంటుకు పనికొస్తుంది కాబట్టి. చీటీకి సున్నా.